చుట్టపుచూపు సైనికులు

2017 ఆగస్టు 21 రాత్రి ఫోర్ట్ మయర్ సైనిక స్థావరంలో ట్రంప్ గారు అంతసేపు మాట్లాడి, ఆఫ్ఘనిస్తాన్‌కు అదనంగా ఎందరు సైనికులను పంపుతారో మాత్రం చెప్పనన్నారు. శత్రువుకు తెలిసిపోతుందట. దాదాపు నాలుగు వేలని పత్రికలు అప్పటికే రాసేసి ఉన్నాయి. తాలిబన్లు పేపరు చదవరని నమ్మకం కాబోలు.

అదనం సంగతి తర్వాత. అప్పటికే అక్కడ అసలెందరున్నారు?

ఒబామా దిగిపోయే ముందు గీసిన గీత 8,400. ఏడాదిగా అందరూ వల్లించిన అంకె అదే. ఆగస్టు 30న పెంటగాన్ గొంతు సవరించుకుని, నిజానికి అక్కడున్నది సుమారు 11,000 అని బయటపెట్టింది. మరి ఆ మిగతా వేలమందీ? కొద్దికాలం పనిమీద వెళ్లినవారు ఇన్నాళ్లూ లెక్కలోకి రాలేదట.

ఊళ్లో కాకులెన్నని రాజుగారు అడిగితే నోటికొచ్చిన అంకె చెప్పి, ఎక్కువ తేలితే చుట్టపుచూపుగా వచ్చిన కాకులనీ, తక్కువ తేలితే ఊరెళ్లిన కాకులనీ తప్పించుకున్న తెలివిపరుడి కథ మన పిల్లలందరికీ తెలుసు. ఇక్కడ అది నవ్వుకోవడానికి చెప్పే కథ. అక్కడ అది రక్షణ శాఖ పద్దు.

ఆ గీత దాటకుండా ఉండటానికి పడ్డ పాట్లు ఇంకా ముచ్చటైనవి. కాన్సాస్‌లోని ఫోర్ట్ రైలీ నుంచి హెలికాప్టర్ల దళం ఒకటి ఆఫ్ఘనిస్తాన్‌కు కదిలింది. హెలికాప్టర్లు వెళ్లాయి, పైలట్లు వెళ్లారు. వాటిని బాగుచేసే మెకానిక్కులు మాత్రం తలల లెక్క పెరిగిపోతుందని కాన్సాస్‌లోనే ఉండిపోయారు. వాళ్ల పని చేయడానికి అక్కడ కాంట్రాక్టర్లను పెట్టుకుని, వేరే డబ్బు పోశారు. కాంట్రాక్టరు సైనికుడు కాదు కదా, ఎందరున్నా గీతకు ఢోకా లేదు. అలా ఢోకా లేనివారు అప్పట్లో అక్కడ 23 వేలకు పైమాటే. సైన్యం కంటే రెట్టింపు!

ఈ మెకానిక్కుల ముచ్చట గిట్టనివాళ్లు పుట్టించింది కాదు. అప్పట్లో అక్కడ అమెరికా సేనాని అయిన జనరల్ నికల్సన్ 2017 ఫిబ్రవరిలో సెనేట్ కమిటీ ముందు తానే చెప్పుకున్నారు. యుద్ధం ఎటూ తేలకుండా నిలిచిపోయిందనీ, ఇంకొన్ని వేలమంది కావాలనీ అన్నది కూడా ఆ రోజే.

తలల లెక్క తీరు ఇదైతే, ఇక ఖర్చు తీరు చూడండి. ఆఫ్ఘన్ సైన్యానికి కుట్టించిన యూనిఫాం మీద అడవి రంగులు. ఆ దేశంలో అడవి రెండు శాతం. అప్పటి ఆఫ్ఘన్ రక్షణ మంత్రి ఆ డిజైన్‌ను ఇంటర్నెట్‌లో చూసి ముచ్చటపడ్డారట. ఖర్చు అమెరికాది.

ఇంకొన్ని వేలమంది సంగతి సరే, అక్కడ లక్షమంది అమెరికా సైనికులు ఉన్నప్పుడు ఏం జరిగింది? 2009 డిసెంబరులో ఒబామా 30,000 మందిని అదనంగా పంపుతూ, 2011 జులై నుంచి వెనక్కి రప్పిస్తానని అదే ప్రసంగంలో ముహూర్తం కూడా పెట్టేశారు. 2010 ఫిబ్రవరిలో హెల్మండ్ రాష్ట్రంలోని మర్జా మీదకు వేల బలగం వెళ్లింది. పెట్టెలో సిద్ధంగా ఉన్న ప్రభుత్వాన్ని తెచ్చి దించేస్తామన్నారు అప్పటి సేనాని జనరల్ మెక్‌క్రిస్టల్. మూడు నెలలు తిరిగేసరికి ఆ మర్జానే నెత్తురోడే పుండన్నారు. 2017 ఏప్రిల్‌లో మెరైన్లు మళ్లీ హెల్మండ్‌లోనే దిగారు. ఈసారి 300 మంది. లక్షమందికి మానని పుండు వీళ్లకు మానేదా?

ఇంత దాకా వచ్చాక నవ్వు రాదు. ఇది తెలియనితనం కాదు. బయటపడాలన్నదే తన మొదటి ఆలోచన అని ట్రంప్ ఆ ప్రసంగంలోనే ఒప్పుకున్నారు. తెలిసీ పంపారు. ఓడామని తన హయాంలో అనిపించుకోకూడదు, అంతే. ఆ పరువు కోసం చచ్చేది ఎవరో పిల్లలు. వియత్నాంలో అయిదు లక్షలు దాటేదాకా పంపుతూపోయిన వాళ్లకు ఇది కొత్త కాదు. శ్రీలంకకు శాంతి సేనను పంపి, బలగం పెంచుకుంటూ పోయి, సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుని 1990లో తిరిగొచ్చిన మనకూ కొత్త కాదు.

అన్నట్టు, వ్యాపారంలో మాదగ్గర బాగా సంపాదిస్తున్నారు కదా, ఆఫ్ఘనిస్తాన్‌కు మీరు ఇంకా సాయం చేయండని ట్రంప్ ఆ ప్రసంగంలోనే భారత్‌కు ఓ చురక వేశారు. హెరాత్‌లో సల్మా ఆనకట్ట, కాబూల్‌లో పార్లమెంటు భవనం ఎవరు కట్టారో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

2017 మొదటి ఆరు నెలల్లో ఆఫ్ఘనిస్తాన్‌లో చనిపోయిన పౌరులు ఐక్యరాజ్యసమితి లెక్కలో 1,662 మంది. వాళ్లెవరూ అక్కడికి కొద్దికాలం పనిమీద వెళ్లినవారు కారు.