పచ్చికొయ్య

ఆషాఢంలో కొట్టిన గాలివానకు గట్టు మీది ముసలి వేప కూలింది. దాని మొదట్లో బానంత కంతి. పినపాక వడ్రంగి మేస్త్రి ఆ కంతిని కోసి తెచ్చి, పందిట్లో పెట్టుకుని, ఎటు కోయాలా అని చుట్టూ తిరిగి చూస్తున్నాడు.

మణుగూరు నుంచి సింగరేణి ఉద్యోగి ఒకాయన వచ్చాడు. తన పైఅధికారి రిటైరవుతున్నాడట, కానుకగా గిన్నె కావాలట.

"రెండు ముక్కలుగా చీల్చి తిప్పెయ్యి మేస్త్రీ. వారంలో కావాలి."

"చీల్చకూడదు సార్. మాను ఎప్పుడో గాయపడ్డది. అక్కడ మొగ్గలు మొలకెత్తలేక గుంపుగా లోపలే ఉండిపోతే, వాటి చుట్టూ నార మెలికలు తిరుగుతూ పెరిగింది. నిలువునా చీలిస్తే ఆ మొగ్గలు గీతల్లా పడతాయి. బెరడుకు సమాంతరంగా కోస్తేనే గుండ్రటి కన్నులు తేలతాయి. అందుకే బెరడు వైపు గిన్నెకు అడుగు, మానుకు అంటుకున్న వైపు నోరు."

"అట్లే కానియ్యి. వారం చాలదా?"

"ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రలాంటిది కాదిది. దీని నార తలో దిక్కుకు పోతుంది, ఆరేటప్పుడు తలో తీరుగా ముడుచుకుంటుంది. పది అంగుళాల గిన్నెకు అంగుళం మందం ఉంచి ముందు మొరటుగా తిప్పుతా. మైనం పూసి, పొట్టులో కప్పి, నీడన పెడతా. తూకం తగ్గడం ఆగినాకనే మళ్లీ లేతుకెక్కేది. ఏడాదన్నా పడుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊరు మనది. పచ్చిదాన్ని తొందరపెడితే పగులుతుంది సార్."

ఆయన రెట్టింపు ఇస్తానంటూ బయానా చేతిలో పెట్టాడు. మేస్త్రి చేతులు జోడించి తిరిగిచ్చేశాడు.

పదో తరగతి చదువుతున్న కూతురికి ఆ మాటలన్నీ నచ్చాయి. పాత నోటుబుక్కులో గీతలు కొట్టి మూడు గడులు చేసింది: వస్తువు, తూకం, లేతుకెక్కించే రోజు. మేస్త్రి మొరటుగా తిప్పి నీడన పెట్టిన గిన్నెను నెలనెలా కిరాణా కొట్టు కాటా మీద తూచి రాసేది. తూకం తగ్గిన ప్రతిసారీ మూడో గడిలో మేస్త్రి ఒకే మాట రాయించేవాడు: "పచ్చిది, ఇప్పుడే వద్దు."

సంక్రాంతి వెళ్లగానే ఇల్లెందు నుంచి పెళ్లివారొచ్చారు. పిల్లవాడికి సొంత ట్రాక్టరుంది. ముహూర్తం మాఘంలోనే కావాలన్నారు.

"మార్చిలో పరీక్షలు నాన్నా. నాకు పదిహేనే. 18 నిండాలని చట్టముందని బడిలో చెప్పారు" అంది పిల్ల.

"మంచి సంబంధం తల్లీ. ఆగితే మళ్లీ దొరుకుతుందా?" అన్నాడు మేస్త్రి. ఆ పూటే తాంబూలాలు పుచ్చుకున్నారు.

తెల్లారి గిన్నె తూకం చూద్దామని మేస్త్రి నోటుబుక్కు తీశాడు. పిల్ల అప్పటికే తూచి రాసిపెట్టింది. ఈసారి ఒక వరస ఎక్కువుంది.

వేప గిన్నె. 1 కిలో 800 గ్రాములు. పచ్చిది, ఇప్పుడే వద్దు.

నేను. 38 కిలోలు. మాఘ శుద్ధ దశమి.