పక్కలాగుడు పద్యము: టీకా తాత్పర్య సహితము

తే.గీ.
బండి యెడమకు లాగును పట్టు విడువ
గాలి తక్కువో చక్రంబు గాడి తప్పొ
కోను సెట్టేమొ బిగిసెనో కొంచె మరసి
చెప్పుమో మేస్త్రి చెవియొగ్గి చిత్తగించి

ప్రతిపదార్థము: ఓ మేస్త్రి = ఓ మెకానికూ; పట్టు విడువ = హ్యాండిల్ మీద వేళ్ళు సడలించగా; బండి = రోజూ ఆఫీసుకు పోయే నూరు సీసీ వాహనము; ఎడమకు = రోడ్డు అంచు దిక్కుకు; లాగును = ఈడ్చును; గాలి తక్కువో = టైరులో గాలి దిగుటయో; చక్రంబు గాడి తప్పొ = వెనక చక్రం ముందుదానితో ఒకే వరుసలో లేకపోవుటయో; కోను సెట్టు = హ్యాండిల్ మెడలో పైనా కిందా ఉండే బేరింగుల జత; బిగిసెనో = అతిగా బిగుసుకొనెనో; చెవియొగ్గి చిత్తగించి = ఈలోగా ఇంకో కస్టమరు ఫోనెత్తక; కొంచెము అరసి చెప్పుము = చూసి చెప్పుము.

తాత్పర్యము: అన్నా, బండి పక్కకు పోతోంది, సాయంత్రానికి కావాలి. (చివరి మాట మూలంలో లేదు. ఏ కస్టమరు పద్యంలోనైనా దాన్ని అధ్యాహారం చేసుకోవలసిందే.)

విశేషములు: “ఏమొ” అన్నాక మళ్ళీ “ఓ” ఎందుకంటే, బిల్లు తలచుకొని కవికి కలిగిన భయం ధ్వనించడానికని రసజ్ఞులు, గణం చాలకనని తక్కినవారు.

“పట్టు విడువ” అన్నాడని రెండు చేతులూ గాలిలోకి ఎత్తరాదు. ఖాళీ చోట, నెమ్మది వేగంలో, వేళ్ళు వదులు చేస్తే చాలు.

“ఎడమకు” అన్నదే ఈ పద్యానికి ఆయువుపట్టు. వాన నీళ్ళు పోవాలని రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం నడిపేది ఎడమ పక్కన. అందుచేత ఏ దోషమూ లేని బండి కూడా కాస్త ఎడమకే జారుతుంది. ముందు చదునైన మైదానంలో అటొకసారి ఇటొకసారి నడిపి చూడాలి. కవి “కుడికి” అని ఉంటే రోడ్డు అప్పుడే నిర్దోషి. చేతక్ స్కూటరు నడిపిన పెద్దలు పక్కకు లాగడం వాహన స్వభావమేనని వాదిస్తారు. దానికి ఇంజను కుడి పక్కన ఉండేది కనుక వారి మాట వారి బండికి చెల్లు. ఒక పక్కనే పాల క్యాను తగిలించుకున్నవారికీ చెల్లు.

“గాలి”: చాలా నూరు సీసీ బళ్ళకు ఒక్కరే ఎక్కితే ముందు 25, వెనక 28 పౌండ్లు. చూసి ముందుకు సాగుదాం.

“గాడి తప్పొ” దగ్గర మాత్రం ఆగాలి. పంక్చరుకు వెనక చక్రం ఊడదీసి మళ్ళీ బిగించేటప్పుడు చైను అడ్జస్టరు ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ తిరిగితే చక్రం ఓరగా కూర్చుంటుంది. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీది గీతలు రెండు పక్కలా కలిశాయి కదా అని మెకానిక్ అంటాడు. ఆ గీతలు ప్రమాణం కావు. స్వింగ్ ఆర్మ్ బోల్టు నడిమి నుంచి చక్రం ఇరుసు నడిమి దాకా రెండు పక్కలా టేపు పెట్టాలి. టేపు లేనివాడు వెనక టైరుకు వెనకనుంచి దారం చుట్టి, రెండు కొసలూ చెరో పక్కన, ఆ టైరు ముందంచుకు కూడా ఆనేలా ముందుకు లాగాలి. ముందు టైరు సాధారణంగా సన్నం కనుక, హ్యాండిల్ తిన్నగా ఉంచితే దానికి రెండు పక్కలా సందు మిగులుతుంది. ఆ సందులు సమానమైతే వరుస సరి. రూపాయి దారానికి దొరికే జాతకం ఇది. సర్వీసు సెంటరులో ఎందుకు తీయరో వ్యాఖ్యాతకు తెలియదు.

“కోను సెట్టు”: ముందు చక్రం నేలను తాకే చోటు, హ్యాండిల్ తిరిగే ఇరుసును కిందికి పొడిగిస్తే తగిలే చోటుకు కాస్త వెనకగా ఉంటుంది. అందుకే చక్రం తనంత తాను తిన్నబడుతుంది. కోను అతిగా బిగిస్తే ఆ చిన్న చిన్న సర్దుబాట్లు ఆగిపోయి బండి మొగ్గిన వైపే పోతుంది. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం నేల వదిలేలా ఎత్తి హ్యాండిల్‌ను వేలితో తోస్తే, చివరిదాకా వాలిపోవాలి. దారిలో ఆగితే బిగువు. నడిమిలో టక్కున గుంటలో పడ్డట్టు ఆగితే బాల్ రేసు అరిగింది, కొత్తది కొనాలి.

అనుక్తము: బండి ఈమధ్య పడిందా, చక్రం ఎవరైనా ఊడదీశారా అన్నది కవి చెప్పలేదు. మెకానిక్ స్పానరు పట్టకముందే అడగవలసింది ఇదే. పడ్డ బండికి ఫోర్కు క్లాంపుల్లో మెలిపడి, చక్రం తిన్నగా ఉంటే హ్యాండిల్ వంకరగా నిలుస్తుంది.

పాఠాంతరము: కొన్ని ప్రతుల్లో “పట్టు విడువ”కు మారుగా “బ్రేకు నొక్క” అని ఉంది. యతి చెడింది కనుక ప్రక్షిప్తమని పండితులు తోసిపుచ్చారు. బండి నిజంగా బ్రేకు నొక్కినప్పుడే లాగుతుంటే మాత్రం ఫోర్కో, వదులైన కోనో, చక్రం బేరింగో అనుమానించి, యతిని పక్కన పెట్టి, షెడ్డు దాకా తోసుకుంటూ పోవాలి.