ఉక్కు ఊళ్లో రేకు సోకులు

మా రోజుల్లో విశాఖలో మహారాణిపేట వైపో, పాత పోస్టాఫీసు వైపో నడుస్తుంటే కళ్లు ఇళ్ల ముందుగోడల మీదే ఉండేవి. కమ్మరి కొలిమిలో కాల్చి మెలితిప్పిన చదరపు కడ్డీలు, చుట్టలు తిప్పిన ఇనప పట్టీలు, వాటిని పట్టి ఉంచే రివెట్లు. ఆ చట్రాల్లో మట్టి కుండీలు, కుండీల్లో బిళ్ళగన్నేరు, కనకాంబరం, మరువం. గేటు మీదికి రాధామనోహరం.

ఇప్పుడేముంది? ఏ వీధి చూసినా లేజరుతో కోసిన అదే రేకు, అదే ఆకు బొమ్మ. దాని పక్కన ప్లాస్టిక్ తీగలు. రెండు వేసవులు తిరక్కుండానే వెలిసిపోతాయి.

మన ఊరిది ఉప్పుగాలి. వాన తగిలే చోట ఉప్పు కడుక్కుపోతుంది, సన్‌షేడ్ కింద మాత్రం పేరుకుపోతుంది. అప్పటివాళ్లకి ఇది తెలుసు. ఏటా సంక్రాంతికి ముందు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆపైన రంగు వేసేవారు. కుండీ గోడకి ఆనకుండా బ్రాకెట్ ఎడంగా పెట్టేవారు, లేకపోతే గోడ చెమ్మ తాగుతుంది. కడ్డీ గట్టిది కనక తుప్పు పట్టినా పైనే కనబడేది, గీకితే పోయేది. ఇప్పటి బోలు గొట్టాన్ని తుప్పు లోపల్నుంచి తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతుండగానే ఓరోజు విరిగి పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలైతే తుప్పు పట్టదంటారు. సముద్రం దగ్గర 304 రకానికి గోధుమరంగు మరకలు వస్తాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం ఇంకా బాగా తట్టుకుంటుంది. ఈ తేడా అడిగి కొనేవాళ్లెందరు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రేకులు గాలిపటాల్లా ఎగిరాయి. ఆ దెబ్బ చూశాక కూడా నాలుగు మరలతో బిగించి చేతులు దులుపుకుంటున్నాం.

1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని వీధికెక్కిన ఊరిది. ఆ పోరాటంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఉక్కు కోసం అంత చేసినవాళ్లం, ఇంటి గోడ మీది ఇనుముకి ఏడాదికో పూట కేటాయించలేమా?

అందం కొని తగిలిస్తే సరిపోదు, పోషించాలి. కొత్తగా కట్టేవాళ్లకి నేను చెప్పేదిదే: గొట్టం వద్దు, గట్టి కడ్డీ అడగండి. కుండీ అడుగున నీరు పోయే దారి ఉంచండి. ప్లాస్టిక్ తీసేసి కాగితంపూల మొక్క పెట్టండి. ఉప్పుగాలికీ ఎండకీ తట్టుకుని పూస్తుంది.