అవ్వా, బువ్వా, స్టేజ్ వన్

హైదరాబాద్ జీడిమెట్లలో కాపురముంటూ కారుకు మరో ముప్పై గుర్రాలు కట్టించుకునే మనిషిని చూస్తే నాకు ముందు గౌరవమే కలుగుతుంది. రేపు పొద్దున షాపూర్‌నగర్ దగ్గర యాసిడ్ ట్యాంకరు వెనక, కంటైనర్ పక్కన, షేర్ ఆటో ముందర, క్లచ్ మీంచి కాలు తీయకుండా ముప్పావు గంట కూర్చోబోయేవాడు, సున్నా నుంచి నూరు ఎన్ని సెకన్లలో అందుకోవాలా అని ఈ రాత్రి నిద్ర మానుకుని ఆలోచిస్తున్నాడంటే అతను సామాన్యుడు కాడు. నా పేచీ గుర్రాలతో కాదు. గుర్రాలు పెరిగాక దాణా ఖర్చు తగ్గుతుందని చెప్పేవాడితో, ఆ మాట విని గూగుల్ పే తెరిచేవాడితో.

సంభాషణ ఎక్కడైనా ఒకటే.

“స్టేజ్ వన్ కొట్టియ్యన్నా, పికప్ మస్తుంటది.”

“మరి మైలేజ్ తగ్గదా?”

“ఎందుకు తగ్గుతదన్నా? ఇంకో రెండు పెరుగుతది.”

తర్వాత ఒక ల్యాప్‌టాప్, ఒక కేబుల్, ఒక చాయ్. చాయ్ చల్లారేలోపు ట్యూనర్ ఇంజన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను మార్చేస్తాడు, ఇంజన్ బుద్ధి మారిపోతుంది. స్టేజ్ వన్ అంటే అదే. నలభై ఐదు నిమిషాల్లో అయిపోయే ఈ పనికి కార్ల కంపెనీలు వేలమంది ఇంజనీర్లను ఎందుకు పోషిస్తున్నాయో వాటికే తెలియాలి.

ఇంజన్‌కి మాత్రం చాయ్ అలవాటు లేదు. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. గరిష్ఠ శక్తి రావాలంటే మిశ్రమం కాస్త చిక్కబడాలి, అంటే కిలో పెట్రోల్‌కు పన్నెండున్నర, పదమూడు కిలోల గాలి. పొదుపు కావాలంటే పలచబడాలి, అంటే పదిహేనున్నర, పదహారు. ఒకటి ఇటు లాగుతుంది, ఇంకొకటి అటు. ఒకే క్షణంలో ఒకే సిలిండర్‌లో రెండూ ఉండవు. పైగా మామూలుగా సాగిపోయేటప్పుడు పొగగొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్, వెనకున్న క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం కోసం, మిశ్రమాన్ని ఆ 14.7 దగ్గరే కట్టేసి ఉంచుతుంది. మైలేజీ పుట్టేది ఆ నడకలోనే. ట్యూనర్ చెయ్యి ఎక్కువగా తిరిగేది యాక్సిలరేటర్ నేలకంటా తొక్కినప్పటి లెక్కల్లో. అక్కడ ఆయన పోసేది పెట్రోలే కానీ పుణ్యం కాదు.

ఆయన మాటలో బొత్తిగా నిజం లేదనను. నాసిరకం పెట్రోల్‌కీ, మే నెల ఎండకీ, సర్వీసింగు ఎగ్గొట్టే యజమానికీ తట్టుకోవాలని కంపెనీవాడు స్పార్క్ టైమింగ్‌లో కొంత వెసులుబాటు వదిలిపెడతాడు. టర్బో బండి అయితే గాలి ఒత్తిడిలో కూడా. ట్యూనర్ ఆ వెసులుబాటు తీసి మనకే అమ్ముతాడు. టర్బో కారుకు టార్క్ నిజంగానే పెరుగుతుంది, కింది ఆర్‌పీఎం దగ్గర బండి హుషారుగా కదులుతుంది. ఆ హుషారు చూసి గేరు త్వరగా పైకి వేసి, మెత్తగా తొక్కి, బుద్ధిగా నడిపితే చుక్క మిగలవచ్చు కూడా. పాతికవేలు పోసి హుషారు కొన్నవాడు మర్నాటి నుంచి బుద్ధిగా నడుపుతాడని అనుకోవడానికి మాత్రం ట్యూనర్ కన్నా పెద్ద ఆశావాది కావాలి.

అయినా జనం రెండూ పెరిగాయనే చెబుతారు. ఎలాగంటే, పికప్ కొలిచేది కొంపల్లి దాటాక, ఖాళీ రోడ్డు మీద, పక్క సీట్లో బావమరిదిని కూర్చోబెట్టుకుని. మైలేజీ కొలిచేది ఆదివారం తెల్లవారుజామున మేడ్చల్ మీదుగా ఔటర్ ఎక్కి, ఏసీ ఆపి, అరవైలో, పిల్లికి కూడా దారిస్తూ. ఆ కాలు వేరు, ఈ కాలు వేరు. గంటకు 80లో సమతలం మీద పోయే చిన్న కారుకు కావాల్సింది మహా అయితే పది పన్నెండు గుర్రాల శక్తి. మిగతావన్నీ ఆ ఉదయం కొట్టంలో నిద్రపోతున్నాయి. నిద్రపోతున్న గుర్రాల దాణా లెక్క, పరిగెత్తిన గుర్రాల వేగం లెక్క ఒకే కాగితం మీద రాసుకుని మురిసిపోతాడు మనవాడు.

గ్యారేజీవాళ్లను మాత్రమే అనడమెందుకు? ఈ విద్యలో అసలు గురువులు కంపెనీలే. బ్రోచర్‌లో బీహెచ్‌పీ అంకె ఆరు వేల ఆర్‌పీఎం ప్రాంతంలో ఇంజన్ గొంతు చించుకున్నప్పటిది. దాని పక్కనే మెరిసే మైలేజీ అంకె ప్రయోగశాలలో, రోలర్ల మీద, ఏసీ ఆపేసి, గరిష్ఠ వేగం 90 దాటకుండా, సగటున గంటకు 32 కిలోమీటర్ల దగ్గర తీసినది. రెండూ నిజాలే, రెండూ ఒకే బండివే, ఎప్పుడూ ఒకచోట కలుసుకోవు. ఇంకో అడుగు ముందుకేసినవాళ్లూ ఉన్నారు. శక్తీ, పొదుపూ, శుభ్రమైన పొగా మూడూ ఒకే డీజిల్ ఇంజన్‌లో ఇస్తామన్న ఫోక్స్‌వ్యాగన్, తనిఖీ జరుగుతోందని పసిగట్టి అప్పటికి మాత్రం పద్ధతిగా మసలే సాఫ్ట్‌వేర్‌ను బండ్లలో దాచిందని 2015లో బయటపడింది. ప్రపంచమంతటా కోటీ పది లక్షల బండ్లు. అంత పెద్ద సంస్థకే మూడూ కుదరక బండికి రెండు ముఖాలు పెట్టాల్సొచ్చింది.

కుదిర్చినవాళ్లు లేరా అంటే ఉన్నారు, ల్యాప్‌టాప్‌తో కాదు. హోండా 1989లో వీటెక్ తెచ్చింది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒక క్యామ్, పరుగెత్తేటప్పుడు ఇంకొకటి, రెండూ ఒకే షాఫ్ట్ మీద. ఒక్క క్యామ్ రెండు పనులకూ చాలదని ఒప్పుకోవడమే దాని గొప్ప. టయోటా 1997లో ప్రియస్‌కు మైలేజీ కావాలనుకుని, అట్కిన్సన్ పద్ధతిలో వాల్వ్ ఆలస్యంగా మూసి, ఒకటిన్నర లీటరు ఇంజన్ నుంచి 58 గుర్రాలే తీసింది. పోయిన బలం పూడ్చడానికి ఎలక్ట్రిక్ మోటారు, బ్యాటరీ తగిలించింది. పొదుపు కావాలంటే బలం వదులుకోవాలని టయోటా తలొంచిందన్నమాట. పాపం, సుచిత్ర సర్కిల్ దగ్గర ఎవర్నైనా అడిగివుంటే సరిపోయేది.

నాకు మరీ కడుపు మండేది ఎక్కడంటే, నిజంగా పికప్పూ మైలేజీ రెండూ పెంచగల మనుషులు ఇక్కడే ఉన్నారు, వాళ్లకు బోర్డు కూడా సరిగ్గా ఉండదు. బాలానగర్ నుంచి జీడిమెట్ల దాకా హెచ్‌ఎంటీ, 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, వాటి నీడన పెరిగిన లేత్ షెడ్లు. మిల్లీమీటరులో వందో వంతు తేడాను చేత్తో పసిగట్టేవాళ్లు ఈ గల్లీల్లో ఉన్నారు. పాత ఇంజన్ దించి, సిలిండర్ బోర్ కొట్టి, హోనింగ్ చేసి, రింగు గ్యాప్ చూసి, వాల్వులు సీటింగ్ చేసి, హెడ్ ఫేసింగ్ పట్టి, క్రాంక్ గ్రైండింగ్ చేయించి బిగిస్తే బండి లేచి కూర్చుంటుంది. అరిగిన రింగుల పక్కనుంచి జారిపోతున్న కంప్రెషన్ తిరిగొస్తుంది కాబట్టి బలమూ వస్తుంది, పొదుపూ వస్తుంది. కొత్తగా వచ్చిందేమీ కాదు, పోగొట్టుకున్నదే. ఈ ఒక్కచోట అవ్వా, బువ్వా రెండూ దొరుకుతాయి.

మనవాడు అక్కడ కూడా ఆగడు. బోర్ కొట్టించాక “సీసీ పెరిగింది గదా, పవర్ ఎంత పెరుగుతది?” అంటాడు. పాత మారుతి 800 తీసుకోండి. బోర్ 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 72, మూడు సిలిండర్లు, 796 సీసీ. అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే 808కి కాస్త తక్కువ. మూడు సిలిండర్లూ కలిపి పెరిగింది పన్నెండు సీసీ, అంటే నూటికి ఒకటిన్నర. దీనికి గుర్రం కాదు, గుర్రం తోక కూడా రాదు. ఇంకొందరు హెడ్ బాగా కోయించి కంప్రెషన్ పెంచమంటారు. కంప్రెషన్ పెరిగితే బలమూ పొదుపూ రెండూ పెరుగుతాయన్నది పుస్తకంలో నిజమే. రోడ్డు మీద మాత్రం పెట్రోల్ ఆక్టేన్ దానికి తగ్గట్టు లేకపోతే ఇంజన్ టకటకా నాకింగ్ మొదలుపెడుతుంది, దాన్ని ఆపడానికి టైమింగ్ వెనక్కి లాగాలి, లాగితే వచ్చిన లాభం వచ్చిన దారినే పోతుంది. లేదా పిస్టన్ పోతుంది. షెడ్డులో పెద్దాయన వద్దని చెబుతూనే ఉంటాడు. ఆయన మాట వినరు. ఆయనకు ఇన్‌స్టాగ్రామ్ లేదు.

ల్యాప్‌టాప్ కూడా ఖరీదనిపించినవాళ్లకు ఇంకా చౌక మోక్షం ఉంది. స్టీరింగు కింది సాకెట్‌లో గుచ్చితే పచ్చలైటు మిణుకుమనే డబ్బా, పెట్రోల్ పైపుకు కట్టే అయస్కాంతం, నీళ్ల నుంచి వాయువు తీసి ఇంజన్‌కి పట్టించే సీసా. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటివి నూటికి పైగా పరీక్షించి, పనికొచ్చేవి దాదాపు లేవనే తేల్చింది. మన పక్కనే తమిళనాడులో మూలికలతో నీళ్లను పెట్రోల్ చేస్తానని 1996లో దేశాన్ని ఉర్రూతలూగించిన రామర్ పిళ్ళైకి 2016లో చెన్నై కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. పచ్చలైటు డబ్బా అమ్మేవాడికి ఆ బాధ లేదు. లైటు నిజంగానే వెలుగుతుంది.

పోనీ, ట్యూనర్ మాటే నిజమనుకుని లెక్క వేద్దాం. పాతికవేలు ఇచ్చాం. లీటరుకు 15 ఇచ్చే బండి 17 ఇచ్చింది. పెట్రోల్ లీటరు 107 రూపాయలనుకుందాం. కిలోమీటరుకు మిగిలేది 84 పైసలు. పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి దాదాపు ముప్పై వేల కిలోమీటర్లు నడపాలి. రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగేవాడికి ఇది రెండేళ్ల తొమ్మిది నెలలు, అదీ యాక్సిలరేటర్‌ను ఒక్కసారి కూడా గట్టిగా తొక్కకుండా. తొక్కకపోతే ఆ ముప్పై గుర్రాలెందుకని మీరు అడగకూడదు.

ఇంజనే మార్చేసి పెద్దది దింపుదామనుకునే శూరులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం నిలుస్తుంది. ఆర్టీఏ అనుమతి లేకుండా చేస్తే 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చట్టంలో మాత్రం రెండూ ఒకేసారి దొరకడం కుదురుతుంది.

నెల తర్వాత యజమాని మళ్లీ వస్తాడు, మొహం వేలాడేసుకుని. ట్యాంకు నిండుగా కొట్టించి, మళ్లీ అదే బంకులో నిండుగా కొట్టించి చూసుకున్నాడు. పదిహేను ఇచ్చేది పదమూడే ఇస్తోంది. ట్యూనర్ తొణకడు. ఒకప్పుడు బంకువాడి కల్తీ మీద తోసేవారు, ఇప్పుడు ఇథనాల్ దొరికింది. “ఈ20 పెట్రోల్ అన్నా, ఏం చేస్తం!” అంటాడు. ఇథనాల్ లీటరులో శక్తి పెట్రోల్‌తో పోలిస్తే మూడింట రెండు వంతులే కాబట్టి, ఇరవై శాతం కలిస్తే లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గే మాట వాస్తవం. పదిహేనులో దాని వాటా ఒక కిలోమీటరు. పైగా ఆ పెట్రోల్ స్టేజ్ వన్‌కు ముందు కూడా ఇదే బంకులో ఇదే పైపులోంచి వచ్చేది. ఆ సంగతి ఎత్తితే టైర్లలో గాలి, తర్వాత ఏసీ, తర్వాత ఫిల్టరు వరసగా ముద్దాయిలవుతాయి. ఆఖరున గొంతు తగ్గించి, “నీ కాలు బరువున్నదన్నా” అంటాడు. నెల కిందట డబ్బు తీసుకునేటప్పుడు కాలు బరువు తూచలేదేమని యజమాని అడగడు. అడిగేలోపే ల్యాప్‌టాప్ మళ్లీ తెరుచుకుంది, చాయ్ చెప్పారు, స్టేజ్ టూ గురించి మాటలు మొదలయ్యాయి.