వెలుగు చూడు మొదట: టీకా తాత్పర్య సహితం

అవతారిక: మా బావమరిది పెళ్లిలో నేను తీసిన మూడు వందల పైచిలుకు ఫొటోల్లో ఆల్బమ్‌కి ఎక్కినవి నాలుగు. అందులో ఒకటి వంటవాళ్లది. తప్పంతా కెమెరాదేనని తేల్చి, ఆ రాత్రే లక్ష రూపాయల కెమెరా కోసం ఫోన్లో వెతుకుతుంటే మా ఆవిడ అడిగింది: "ఉన్నదానికి ఏ బటన్ ఎందుకో చెప్పండి చూద్దాం." చెప్పలేకపోయాను. ఆ అవమానంలోంచి పుట్టిన ఆటవెలది ఇది. కవీ టీకాకారుడూ ఒక్కడే గనక కవిహృదయం గురించి పేచీ లేదు.

చేతనున్న పెట్టె చేతకానప్పుడు
లక్ష పోసి తెచ్చి లాభమేమి?
కాలు కదపకున్న గాజేమి చేయురా?
వెలుగు చూడు మొదట, వెలను పిదప.

ప్రతిపదార్థం: చేతను ఉన్న = ఇప్పటికే కొని, డబ్బు కూడా కట్టేసిన; పెట్టె = కాంపాక్ట్ కెమెరా (ఇక్కడ 2007లో వచ్చిన కెనన్ పవర్‌షాట్ ఎ570 ఐఎస్, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది); చేతకానప్పుడు = వాడటం రానప్పుడు; లక్ష పోసి = పొదుపు ఖాతా ఊడ్చి; తెచ్చి = ఇంట్లో చెప్పకుండా తెచ్చి; లాభము ఏమి = ఏమీ లేదని భావం; కాలు కదపకున్న = నిలబడ్డ చోటు వదలకుంటే; గాజు = లెన్సు; ఏమి చేయురా = పాపం, అదేం చేస్తుంది; వెలుగు = ఫొటోకు ముడిసరుకు; వెలను = షాపువాడు చెప్పేదాన్ని; పిదప = తరవాత (ఎంత తరవాతో ముందు తేలుతుంది).

తాత్పర్యం: ఉన్నదానితో తీయడం నేర్చుకో, కొనుగోలు సంగతి తరవాత.

విశేషాలు: పెట్టె అన్నాడని చులకన అనుకోకూడదు. ఈ పెట్టె లెన్సు ఎఫ్/2.6 వరకు తెరుచుకుంటుంది (అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ). ఆ రోజుల్లో పెద్ద కెమెరాలతో మామూలుగా అంటగట్టిన 18-55 లెన్సు ఎఫ్/3.5 దగ్గర మొదలయ్యేది. ఇక పిక్సెళ్లంటారా, అంగుళానికి 300 చొప్పున లెక్కేసినా 4×6 ప్రింటుకు 1200×1800, అంటే 22 లక్షల లోపే చాలు. పెట్టె ఇచ్చేది 71 లక్షలు. ఆల్బమ్‌కి ఎక్కకపోవడానికి కారణం పిక్సెళ్లు కావు.

"చేతకానప్పుడు" అన్నచోట కవి కన్నీళ్లు పెట్టుకున్నాడు. షట్టర్ బటన్‌ను సగం నొక్కి పట్టుకుంటే ఫోకసూ వెలుతురు లెక్కా కుదురుతాయి. తక్కిన సగం నొక్కితే ఫొటో పడుతుంది. ఇది తెలియక కవి ప్రతిసారీ ఒక్క గుద్దు గుద్దాడు. కెమెరా ఫోకస్ వెతుక్కునేలోగా తలంబ్రాలు కిందపడ్డాయి. నేలమీది తలంబ్రాలవి అతని దగ్గర పదిహేడు ఫొటోలున్నాయి. ముందే సగం నొక్కి, చేయి పైకి లేచేదాకా కాచుకుని ఉంటే ఒక్కటి చాలేది.

తెల్ల పంచెలన్నీ బూడిదరంగులో రావడానికి కారణం వేదాంతపరమైనది. కెమెరాలోని మీటరు అద్వైతి. తెల్ల పంచెకీ నల్ల గేదెకీ భేదం ఎంచదు; చూసిన ప్రతిదాన్నీ మధ్యరకం బూడిదరంగుకి చేర్చాలనే దాని తాపత్రయం. దానికి ద్వైతం నేర్పేది ప్లస్-మైనస్ గుర్తున్న సదుపాయం. పంచెకి ప్లస్, గేదెకి మైనస్. అలవాటు లేనివాళ్లు మొదట తప్పనుకుని తిప్పి చూస్తారు, కాదు, ఇదే సరి.

కాలు కదపడమంటే నడవడమే, శ్లేష లేదు. జూమ్‌ను చివరిదాకా లాగితే ఇదే లెన్సు ఎఫ్/5.5కి కుంచించుకుపోతుంది, వెలుతురు నాలుగో వంతుకన్నా తగ్గుతుంది. చీకటి మండపంలో జూమ్ లాగి వణికిన ఫొటో తీసేకన్నా నాలుగడుగులు ముందుకు వేయడం మేలు. ముఖాల విషయంలో మాత్రం మరీ మీదికి వెళ్లొద్దు, ముక్కు ముందొచ్చి మనిషి తరవాత వస్తాడు. డిజిటల్ జూమ్ అనేది జూమే కాదు. ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీయడం.

గాజుకి గాజుపలక అని అర్థం చెప్పినా అన్వయం చెడదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) గాజుపలకల మీదే తీశాడు. ఆ బరువైన కెమెరాకు జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే కెమెరా, దాని ముక్కాలిపీట, మనిషి, అందరూ కదలాల్సిందే.

అలంకారం: నాలుగో పాదంలో విరోధాభాసం ధ్వనిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫ్లాష్ వేయాలి, కళ్లకింది నీడలు పోవడానికి. రాత్రి పెద్ద హాల్లో ఆపేయాలి; ఈ చిన్న ఫ్లాష్ పది పన్నెండు అడుగులు దాటి పోదు గనక. కవి సరిగ్గా తలకిందులుగా చేశాడు.

ఈ పాదానికి షాపులవారి పాఠాంతరం ఒకటి ప్రచారంలో ఉంది: "వెలను చూడు మొదట, వెలుగు పిదప." గణాలూ యతీ రెండూ సరిపోతాయి. ఛందస్సు చెడదు, జేబు చెడుతుంది. గ్రాహ్యం కాదు.

చివరిగా "పిదప". ఎప్పటికీ వద్దని కవి అనలేదు. ఈ పెట్టెలోని సెన్సార్ చిటికెనవేలి గోరుకన్నా చిన్నది, చీకట్లో దాని సున్నితత్వాన్ని (ఐఎస్ఓ) 800కి పెంచితే బొమ్మనిండా ఇసుక చల్లినట్టుంటుంది. మసక వెలుగులో స్టేజీ మీద నాట్యం చేసే పిల్ల, కొల్లేటి మీద ఎగిరే కొంగ, దీనికి దక్కరు. అయితే ఫొటో పోయినప్పుడు అది సెన్సార్ వల్ల పోయిందా, గుద్దుడు వల్ల పోయిందా అన్నది చెప్పగలగాలి. ఆ జవాబు పదిసార్లు "సెన్సార్" అని వస్తే షాపుకి వెళ్లొచ్చు. నాకిప్పటికి మూడుసార్లు వచ్చింది.

లక్ష బ్యాంకులోనే ఉంది. వెనకవైపు బటన్లలో ఒకటి ఎందుకో ఇంకా కనుక్కోవాలి.