సైకిల్ కారెక్కింది

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వైపు పోయే కార్లలో కొన్నింటి వెనక సైకిళ్లు వేలాడుతుంటాయి. కదలకుండా బెల్టులు బిగించి, చక్రాలు గాల్లో పెట్టుకుని, పల్లకీ ఎక్కిన పెళ్లికూతురిలా వెళ్తాయి. సైకిల్ తొక్కడానికి కారులో వెళ్లడమేమిటని నవ్వేవాళ్లు ఒక్కసారి ఇంటి నుంచి అక్కడి సైకిల్ ట్రాక్ దాకా తొక్కి చూడాలి. ట్రాక్ మీద భయమేమీ లేదు, అక్కడికి చేరడమే కష్టం.

ట్రాక్‌కు మాత్రం వంక పెట్టలేం. 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. 23 కిలోమీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, మూడు లేన్లు, నెత్తిన 16 మెగావాట్ల సోలార్ పలకలు. దక్షిణ కొరియా ట్రాక్ చూసి ముచ్చటపడి కట్టారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. ఎండ కొట్టదు, కారు గుద్దదు, కరెంటు కూడా వస్తుంది. ఆ పక్కనే ఉన్న కోకాపేట అపార్టుమెంట్ల వాచ్‌మన్‌కు కాస్త అక్కరకొస్తుందేమో గానీ, మెహిదీపట్నంలో పాల ప్యాకెట్లు వేసేవాడికీ కూకట్‌పల్లిలో ఇస్త్రీ మూట మోసేవాడికీ ఆ దారిన పనేముంది? వాళ్లు తొక్కే చోట కప్పూ లేదు, లేనూ లేదు.

తమాషా అంతా సోమవారం మొదలవుతుంది. నిన్న హెల్మెట్ పెట్టుకుని సైక్లిస్టుల హక్కుల గురించి ఆవేదన చెందిన పెద్దమనిషే ఇవాళ స్టీరింగ్ పట్టుకుంటాడు. ముందు ఒక పాత సైకిల్, క్యారియర్ మీద క్యాన్లు. హారన్. మళ్లీ హారన్. అద్దం దించి "ఏమయ్యా, రోడ్డు నీ ఒక్కడిదేనా?" అని అడుగుతాడు. అడిగేవాడి బండి ఒక లేనూ పక్క లేన్లో సగమూ ఆక్రమించుకుని ఉంటుంది, లోపల మనిషి ఒక్కడే.

సైకిల్ వాళ్లేమీ శ్రీరామచంద్రులు కారు. బెల్లుండదు, రాత్రి లైటుండదు, రాంగ్ రూట్లో ఎదురొచ్చి మనమే తప్పుకోవాలన్నట్టు చూస్తారు. కానీ జంక్షన్లు మూసేసి యూటర్న్‌ను ఎక్కడో దూరాన పెడితే, కారుకది కాస్త పెట్రోలు ఖర్చు. తొక్కేవాడికి మోకాళ్ల ఖర్చు. అందుకే ఎదురొస్తాడు. తప్పే, అయితే ఆ తప్పుకు రోడ్డు గీసిన ఇంజనీరు కూడా భాగస్వామే.

ఒకప్పుడు సైకిల్‌కు మున్సిపాలిటీ లైసెన్సు బిళ్ల ఉండాలి, డైనమో వెలగాలి, డబుల్స్ వెళ్తే పోలీసు ఆపేవాడు. అంటే ప్రభుత్వానికి సైకిల్ కనబడేది. ఇప్పుడది లెక్కల్లోనే కనబడుతుంది. 2011 జనగణనలో దేశంలోని ఇళ్లలో దాదాపు 45 శాతానికి సైకిల్ ఉందని తేలింది, కారున్నవి ఐదు శాతం లోపే. రోడ్లు మాత్రం ఆ ఐదు శాతం కొలతలతోనే వేశారు. అంతకు ముందే, 2006లో, జాతీయ పట్టణ రవాణా విధానం దారి ఇవ్వాల్సింది బండ్లకు కాదు, మనుషులకని చెప్పి ఉంది. చక్కటి విధానం, చదువుకోవడానికి బాగుంటుంది.

కోల్‌కతా వాళ్లకు ఇంత మొహమాటం లేదు. 2013లో ఏకంగా 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. సైకిళ్ల వల్ల ట్రాఫిక్ మందగిస్తోందట! చేపలు మోసేవాడూ పేపర్లు పంచేవాడూ దిగి నడిపించుకుంటూ పోయారు.

మన దగ్గర నిషేధం అక్కర్లేదు, పార్కింగ్ చాలు. రోడ్డు పక్కన గీత గీసి సైకిల్ బొమ్మ వేయగానే అది జనానికి ఉచిత పార్కింగ్ బోర్డులా కనిపిస్తుంది. ముందు ఒక కారు, దాని వెనక టిఫిన్ బండి, ఆ పక్కన ఇటుకల కుప్ప. సైకిల్ ట్రాక్ మీద మోటారు బండి నడపకూడదని 1989 నాటి రోడ్డు నియమాల్లోనే రాశారు. యూనిఫాంలో ఉన్న పోలీసు అనుమతిస్తే తప్ప, అని ఒక మినహాయింపు కూడా పెట్టారు. సరే, ఆ అనుమతి ఎవరిచ్చారో అడుగుదామని చూస్తే, పోలీసాయన బైకు కూడా ఆ బొమ్మ మీదే స్టాండు వేసి ఉంటుంది. ఆయన అవతల టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటుంటాడు.