బిందె కదపమాక: టీకా తాత్పర్య సహితం

మూలం: పటిక తిప్పవే. బిందె కదపమాక. అడుగొదిలి ఒంపుకో.

అవతారిక: ఈ సూత్రగ్రంథానికి కర్త ఎవరన్న వివాదం పల్నాట లేదు. నరసరావుపేటలో అడిగినా, గురజాలలో అడిగినా, మాచర్లలో అడిగినా కోడళ్లందరూ ఒకటే చెబుతారు: మా అత్త. రచనాకాలం మీదా పేచీ లేదు. తొలకరి వానలకు చెరువులోకి కొత్తనీరు దిగింది, ఆ నీళ్ల బిందె వంటింటి గట్టు మీదికి చేరింది, కోడలు అందులోకి తొంగి చూసింది. అడుగు కనపడలేదు. "ఈ నీళ్లు తాగేదెట్లా అత్తా?" అంది. వెంటనే వెలువడింది ఉపదేశం. మూడు వాక్యాలు, మూడూ ఆజ్ఞలే. ఎంత పటిక, ఎంతసేపు, ఎందుకని అన్న ముక్కలు మూలంలో లేవు కాబట్టి వ్యాఖ్యాతకు పని పడింది.

కొలిచెల మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మాట ఇచ్చాడు. మెదకు సీమవాడు కనక ఆయనకు చెల్లింది. పల్నాటి నీళ్ల మీద టీక రాసేవాడు అక్కర్లేనిది కొంత చెప్పక తప్పదు. ఎందుకంటే బిందెలో కలక బిందెలో పుట్టింది కాదు.

ఈ సీమలో నీళ్లు రెండు జాతులు. మొదటిది బోరు నీరు. కింద సున్నపురాయి పరుచుకున్న నేల ఇది. పిడుగురాళ్లలో సున్నం కాల్చేదీ, మాచర్లలో 1958 నుంచి కేసీపీ వారు సిమెంటు చేసేదీ, ఊరూరా ఇళ్లకు నాపరాళ్లు పరిచేదీ ఆ రాతి చలవే. ఆ పొరల్లోంచి వచ్చిన నీరు చూపుకు అద్దంలా ఉంటుంది. నోట పోసుకుంటే చప్పన, ఒక్కోచోట ఉప్పన. అందులో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. రెండోది చెరువు నీరు. రేగడి చేల మీదుగా పారి వచ్చిన వాననీరు, నాలుకకు తీపి. చూపుకు మాత్రం మడ్డి. తేటగా ఉన్నది తాగబుద్ధి కాదు, తాగబుద్ధి అయ్యేది తేటగా ఉండదు. సూత్రకర్త్రి రెండోదాన్ని ఎంచుకుని, దాని మడ్డికి మందు చెప్పింది. నాలుకదే పైచేయి అని ఆమె సిద్ధాంతం.

ఈ నీళ్ల బాధ పాతదే. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో ఒకదాన్లో పల్నాటి రాళ్ల సరసన నాగులేటి నీళ్లకూ చోటు దొరికింది. ఇంకోదాన్లో ఆ కవిసార్వభౌముడు దాహంతో విసిగి, ఇద్దరు భార్యలెందుకు, గంగను ఇటు వదిలెయ్యమని శివుడితోనే బేరం పెట్టాడు. శివుడు ఏమన్నాడో గానీ, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువని పేరు. వచ్చింది గంగ కాదు, కృష్ణ. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు చాలావరకు జలాశయంలోనే దిగబడిపోతుంది. కానీ కాలువ గట్ల మట్టినీ, చెరువు అడుగు రేగడినీ కలుపుకుని ఇంటికొచ్చేసరికి మళ్లీ మడ్డే. కాబట్టి సూత్రం రద్దు కాలేదు.

ప్రతిపదార్థం.

పటిక: కోమటి కొట్లో దొరికే తెల్లటి గాజురాయి. అంగడి గుమ్మానికి దిష్టి కోసం వేలాడేది, గడ్డం గీశాక మంగలి చెంపకు రాసేది ఇదే. పటికబెల్లం వేరు. ఈ భేదం తెలియని కొత్తకోడలు బెల్లం తిప్పితే నీరు తేరదు, పానకమవుతుంది.

ఇక్కడ ఒక పాఠాంతరం ఉంది. పాత ప్రతుల్లో "పటిక తిప్పవే" అన్నచోట "చిల్లగింజ అరగదియ్యవే" అని కనిపిస్తుంది. ఇదే ప్రాచీనపాఠం. చిల్లగింజనే ఇందుప గింజ అనీ, సంస్కృతంలో కతకమనీ అంటారు. వృక్షశాస్త్రంలో స్ట్రిక్నస్ పొటటోరం. విషం గల ముష్టి చెట్టుకు దాయాది అయినా దీని గింజ నీళ్లకు పనికొచ్చేదే. మట్టికుండ లోపలి గోడకు రుద్ది నీళ్లు పోసేవారు. కలకనీటిని తేర్చే వస్తువులు ఏడని సుశ్రుతుడు లెక్క చెప్పాడు. అందులో కతకంతో పాటు తామరదుంప, నాచు వేరు, గుడ్డ, ముత్యం కూడా ఉన్నాయి. ముత్యం వేసి నీళ్లు తేర్చుకునే ఇంట్లో నీళ్లు మోసుకొచ్చే పని కోడలికి ఉండదు కనక సూత్రకర్త్రి ఆ పక్షం ఎత్తలేదు. కతకం పేరు జపించినంత మాత్రాన నీరు తేరదని మనుస్మృతి హెచ్చరించింది. బురదను తెంచే ఆ గింజ ఒరిపిడితో కలకనీరు తేరినట్టే పండితుడి సావాసంతో మందబుద్ధికి చురుకు వస్తుందని కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో అనిపించాడు.

అందరికన్నా సూక్ష్మం పట్టింది ఆత్మబోధ కర్త. కతకపు పొడి మట్టిని దించి తానూ అడుగుకు దిగిపోతుంది, జ్ఞానం కూడా అంతే అన్నాడు. వేదాంతం సంగతి వదిలేద్దాం. నీళ్ల శాఖ ఇంజనీర్లకూ నేటికీ ఇదే ప్రశ్న: తేర్చిన వస్తువు తాను పోయిందా, నీళ్లలో మిగిలిందా? భారత ప్రమాణాల సంస్థ 2012 నాటి తాగునీటి ప్రమాణంలో లీటరుకు 0.03 మిల్లీగ్రాముల అల్యూమినియం దాటరాదనీ, గత్యంతరం లేకపోతే 0.2 వరకు సహించవచ్చనీ రాసింది. పటిక తిప్పేవాళ్లు చెయ్యి ఆపుకోవాల్సింది ఇందుకే.

తిప్పవే: ఇది పైపై మాట కాదు. రేగడి మట్టి రేణువు మైక్రాను సైజుది, అంతకన్నా చిన్నదీను. ప్రతి రేణువు మీదా రుణావేశం ఉంటుంది, కాబట్టి ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటూ కలవకుండా తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ధనావేశంతో ఆ పేచీ తీర్చి, తాను జిగురు ముద్దగా మారి వాటిని పోగుచేస్తుంది. పోగైనది బరువెక్కి దిగుతుంది. మొదట గబగబా తిప్పాలి, పటిక నీరంతా పాకడానికి. తర్వాత మెల్లగా తిప్పాలి, చిన్న పోగులు పెద్దవి కావడానికి. మళ్లీ గబగబా తిప్పితే కట్టిన పోగులు చెదిరిపోతాయి. నీటిశుద్ధి కేంద్రాల్లో ఇదే పనికి వేగంగా కలిపే తొట్టి ఒకటి, నెమ్మదిగా కలిపే తొట్టి ఒకటి ఉంటాయి. అత్తగారు రెండు తొట్ల పనీ ఒక చేత్తో చేసింది. మోతాదు మామూలుగా లీటరుకు 20 నుంచి 50 మిల్లీగ్రాములు. 20 లీటర్ల బిందెకు ఒక గ్రాము దాటక్కర్లేదు. పటిక ఇలా పనిచేయాలంటే నీళ్లలో కాస్త క్షారగుణం ఉండాలి. సున్నపురాయి నేలలో దానికి కరువు లేదు. నాలుకకు చేదైన రాయి ఇక్కడ అక్కరకొచ్చింది.

పూర్వపక్షం: ఇంత తతంగమేల? నాలుగు మడతల గుడ్డతో వడకట్టరాదా? హైదరాబాదు నుంచి పండక్కి వచ్చిన అల్లుడు ఈ మాట అంటాడు, ఆ వెంటనే ఆర్వో మిషను బిగించుకోమనీ అంటాడు. సమాధానం: రేగడి రేణువు గుడ్డ కంతలోంచి హాయిగా దూరిపోతుంది. అయితే గుడ్డను తీసిపారెయ్యరాదు. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను మడతలు పెట్టి నీళ్లు వడకడితే కలరా దాదాపు సగానికి, 48 శాతం తగ్గిందని శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం 2003లో ప్రకటించింది. కలరా క్రిమి నీళ్లలో చిన్న జీవాలను అంటిపెట్టుకుని ఉంటుంది, ఆ జీవాలు చీరకు చిక్కుతాయి. చీరకు మట్టి చిక్కదు, పటికకు క్రిమి పూర్తిగా చావదు. ఆర్వో సంగతంటారా, ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు మోరీలో పోసే యంత్రాన్ని కావడి మోసిన ఇంట్లో మెచ్చుకోవడం కష్టం.

బిందె: ఇది ఉపలక్షణం. అనగా బిందె అని చెప్పినా, కుండ, గాబు, సంపు, మేడ మీది ట్యాంకు, కడకు ఇంటి పెరటి ఈతకొలను కూడా గ్రహించాలి. ఈతకొలను అంటే వ్యాఖ్యాత పరిధి దాటాడనుకోరాదు. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4, లోతు 1.2 ఉన్న చిన్న కొలనులో పట్టేది 38,400 లీటర్లు. అంటే 1,920 బిందెలు. బిందెకు గ్రాము లెక్కన పటిక 1,920 గ్రాములు. అత్తగారి కొలత అక్కడా పనికొస్తుంది.

పనికిరానిది ఆమె రోగనిర్ణయం. చెరువునీరు మడ్డిగా వచ్చి తేటపడుతుంది. కొలనులో పోసిన బోరు నీరు తేటగా వచ్చి పాలలా తిరుగుతుంది. కాఠిన్యం లీటరుకు 500 మిల్లీగ్రాములున్న నీరు అనుకుంటే, ఆ కొలనులో లెక్క ప్రకారం 19 కిలోల సున్నపురాయి కరిగి దాక్కుని ఉన్నట్టు. పైన బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. అదీ సున్నంతో చేసిందే, నీటి క్షారగుణాన్ని పెంచుతుంది. ఎండకు నీరు వేడెక్కుతుంది. దాక్కున్న రాయి తెల్లటి పొడిగా బయటపడుతుంది. వేడినీళ్ల బాయిలరు లోపల పెచ్చుకట్టేదీ ఇదే. ఇలాంటి తెలుపుకు పటికకన్నా ముందు పీహెచ్ చూడాలి. కొలనులో అది 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి, దాటితే ఆమ్లంతో దించాలి. ఆ ఆమ్లాన్ని బ్లీచింగుతో కలిపితే విషవాయువు వస్తుంది, రెంటినీ ఒకే డబ్బాతో ముంచేవాడిని పనిలోంచి మాన్పించాలి. నీరు పచ్చగా ఉంటే కథ వేరు. అది నాచు. క్లోరిన్ చాల్లేదని అర్థం.

కదపమాక: సూత్రమంతటికీ ప్రాణం ఈ పదం. "మాక" అనే నిషేధం గుంటూరు, పల్నాడు సీమల్లో బాగా వినపడేది, వద్దు అనేదానికన్నా గట్టిది. ఏది కదపరాదు? బిందె. ఎవరు? పిల్లలు, పిల్లి, దాహమేసిన మొగుడు. ఎందుకు? 1851లో స్టోక్స్ అనే ఐరిష్ పండితుడు దీనికి లెక్క కట్టాడు. ఆ లెక్కన ఇసకరేణువు, పదో వంతు మిల్లీమీటరుది, నిలకడ నీళ్లలో అడుగు లోతు దిగడానికి అర నిమిషం పైచిలుకు పడుతుంది. మైక్రాను మట్టిరేణువుకు దాదాపు నాలుగు రోజులు. పటికతో పోగైతే ఆ నాలుగు రోజులు ఒకటి రెండు గంటలకు కుదించుకుపోతాయి. కానీ మధ్యలో ఒక్క చెంబు ముంచితే చాలు, దిగినదంతా మళ్లీ లేస్తుంది. పటికను కొట్లో కొనొచ్చు, ఊరుకోవడం ఎక్కడా దొరకదు, కాబట్టి ఈ రెండో ఆజ్ఞే కష్టమని వ్యాఖ్యాత అభిప్రాయం. కొలనుకూ ఇంతే. సాయంత్రం పటిక కలిపి, కాసేపు తిప్పి, మోటారు కట్టేసి రాత్రంతా వదిలెయ్యాలి. నీరు ఎంతవరకు వచ్చిందో చూద్దామని అర్ధరాత్రి మోటారు వేసే యజమానికి మర్నాడు తెల్లారి పటిక ఖర్చు రెండోసారి.

తాత్పర్యం: నీళ్లలోని మట్టిని పోగు చేసి, అది తనంతట దిగేదాకా ఆగి, పైనీటిని మాత్రమే తీసుకోవలెనని భావం.

విశేషాంశాలు: తేటగా కనిపించేదంతా మంచినీరు అని ఈ సూత్రం చెప్పలేదు. చెప్పినట్టు కొందరు అనుకున్నారు. ఫ్లోరైడు కంటికి కనపడదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది దగ్గర్లోనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, 1937లో. పల్నాటి బోర్లలోనూ కొన్నిచోట్ల అది ఉంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు, మరో దారి లేకపోతే 1.5. విచిత్రమేమంటే దాన్ని దించేదీ పటికే. నాగపూరు నీరి సంస్థ 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు మూడూ కలుపుతారు. అయితే మడ్డి దించడానికి చాలే చిటికెడు అక్కడ చాలదు, లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు పోయాలి. ఇక క్రిములకు కాచడమో క్లోరినో ఉండాల్సిందే. మడ్డి ఉండగా క్లోరిన్ వేస్తే మట్టిలోని చెత్తే దాన్ని తినేస్తుంది. అంచేత ముందు తేర్చు, తర్వాత మందు వెయ్యి అనే క్రమం సూత్రంలో లేకున్నా ఊహించుకోవాలి.

ప్రతిపదార్థంలో ఇంకా మిగిలినవి రెండు పదాలు. అడుగొదిలి: ఎంత అడుగు? నాలుగు వేళ్లని కొందరు, బెత్తెడని మరికొందరు. పిసినారి అత్తల సంప్రదాయంలో రెండు వేళ్లు. బిందె వంచినప్పుడు నీటిలో మొదటి మట్టి మబ్బు ఎక్కడ కదిలితే అక్కడ ఆపమన్నది మధ్యేమార్గం.

ఒంపుకో: కొలనును ఒంచలేం కనక అక్కడ ఈ క్రియకు వాక్యూమ్ గొట్టంతో అడుగును పీల్చడం అని అర్థం చెప్పుకోవాలి. పీల్చే నీటిని ఫిల్టరు మీదికి పంపరాదు. పటిక జిగురు ఇసకపొరను మూసేస్తుంది, కొంత మళ్లీ కొలనులోకే వస్తుంది. వాల్వును వేస్టు వైపు తిప్పి బయటికి వదలాలి. కొలను మట్టం తగ్గుతుంది, పోయినంత నీరు మళ్లీ నింపుకోవాలి. ఆ వదిలిన నీటిని ఎటు పంపాలన్న చోట వ్యాఖ్యాతల్లో భేదం ఉంది. బిందె అడుగు నీళ్లు కరివేపాకు మొదట్లో పోస్తే చాలు. కొలను నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనక వాటిని నేరుగా మొక్కలకు గానీ, చేపలున్న చెరువుకు గానీ వదలరాదు, ఏ గుంటలోనో నాలుగైదు రోజులు ఎండకు ఉంచి అప్పుడు గడ్డికి పెట్టుకోవచ్చు.